ఒకే చర్చి, రెండు పద్దు పుస్తకాలు: ఓకిర్కెబీ కమ్యూన్ కేస్ స్టడీ

స్థానిక సంస్థల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. విలీనాల పాఠానికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు: "సార్, రెండు మూడు ఊళ్ళను కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది కదా?" నేను సూటిగా అవుననో కాదనో చెప్పను. బోర్డు మీద ఒక దీవి బొమ్మ గీస్తాను. పటంలో వంకరగా కూర్చున్న రాంబస్‌లా కనిపించే ఆ దీవి పేరు బోర్న్‌హోల్మ్. డెన్మార్క్‌దే, కానీ బాల్టిక్ సముద్రంలో స్వీడన్‌కు దగ్గరగా ఉంటుంది. రాజధాని కోపెన్‌హాగన్ నుంచి తమ సొంత దీవికి వెళ్ళాలంటే డేనిష్ వాళ్ళు చాలామంది వంతెన దాటి స్వీడన్‌లోకి పోయి, ఈస్టాడ్ రేవులో ఫెర్రీ ఎక్కి, గంటా ఇరవై నిమిషాల తరవాత రోన్నె ఊళ్ళో దిగుతారు. దీవి మొత్తం 588 చదరపు కిలోమీటర్లు. రోన్నె నుంచి తూర్పుగా సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే ఓకిర్కెబీ వస్తుంది. దీవిలో పట్టణ హోదా ఉన్న పాత ఊళ్ళలో సముద్రపు ఒడ్డున లేనిది ఇదొక్కటే.

డెన్మార్క్‌లో స్థానిక పాలన సంస్థను కమ్యూన్ అంటారు. ఓకిర్కెబీ కమ్యూన్ ఇప్పుడు లేదు. 1970 ఏప్రిల్ 1న పుట్టి 2002 డిసెంబరు 31తో ముగిసింది. అంటే 32 ఏళ్ళ 9 నెలల ఆయుష్షు. ఒక ఉద్యోగి సర్వీసు పాటి కూడా లేదు. అయితే దాని పుట్టుకకు ముందు 130 ఏళ్ళ పాలన ఉంది, అది పోయాక మిగిలిన లెక్కలు ఉన్నాయి. నాకు కావలసిన పాఠం ఆ ముందూ వెనకల్లోనే ఉంది.

ముందు చర్చి సంగతి చెప్పాలి. ఊరి పేరే అది: 'ఓ' అంటే వాగు, 'కిర్కె' అంటే చర్చి, 'బీ' అంటే ఊరు. వాగు చర్చి ఊరన్న మాట. 12వ శతాబ్దంలో కట్టిన ఆ చర్చిలో జ్ఞానస్నానపు రాతి తొట్టి ఒకటి ఉంది. గోట్‌లాండ్ దీవి శిల్పి సిగ్రాఫ్ చెక్కినది. తొట్టి చుట్టూ కమాను కింద కమానుగా ఏసు కథ, ప్రతి కమాను మీదా ఆ బొమ్మ ఏమిటో చెప్పే రూన్ లిపి వాక్యం. గాబ్రియేల్ దేవదూత మరియమ్మకు కబురు చెప్పడంతో మొదలై, చివర శిల్పి తన పేరు రాసుకోవడంతో ముగుస్తుంది. ఆ తొట్టిలో పట్టణం పిల్లలకూ బాప్తిస్మం ఇచ్చారు, చుట్టుపక్కల పొలాల్లో ఉండే రైతుల పిల్లలకూ ఇచ్చారు. చర్చి ఒకటే. పాలన మాత్రం రెండు. 1346లోనే పట్టణ హక్కులు పొందిన ఓకిర్కెబీ ఒక లెక్క, దాని చుట్టూ ఉన్న ఓకర్ గ్రామీణ పారిష్, అంటే చర్చి పరిధిలోని పల్లె ప్రాంతం, మరో లెక్క. ఆదివారం ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు సోమవారం వేరువేరు సంస్థలకు పన్ను కట్టేవారు. నా క్లాసులో ఈ వాక్యం దగ్గర కాస్త ఆగుతాను. ఎందుకంటే హద్దు అనేది నేల మీద ఉండదు, పద్దు పుస్తకంలో ఉంటుందని ఇక్కడే అర్థమవుతుంది.

ఈ దీవి పల్లెలకు ఇంకో విశేషం ఉంది. డెన్మార్క్‌లోని తక్కిన చోట్ల రైతుల ఇళ్ళు ఊరుగా గుమిగూడి ఉండేవి. బోర్న్‌హోల్మ్‌లో అలా కాదు. ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు. పొలాలకు నంబర్లు ఉండేవి. పెద్ద జమీందారీలు లేవు, రైతులు చాలావరకు సొంతదారులు. వారసత్వం పెద్ద కొడుక్కి కాక చిన్న కొడుక్కి పోయేది. 1887 దాకా అదే ఆచారం. ఊరే లేనప్పుడు గ్రామ పాలన దేన్ని ఆధారం చేసుకుంటుంది? చర్చినే. దీవిలోని 15 గ్రామీణ పారిష్‌ల పేర్లు చూస్తే తెలుస్తుంది. క్లెమెన్స్‌కర్, పీడర్స్‌కర్, నీలార్స్‌కర్... చివర వినిపించే 'కర్' చర్చే. క్లెమెన్స్ గారి చర్చి, పీటర్ గారి చర్చి, నికొలస్ గారి చర్చి.

డెన్మార్క్ గ్రామీణ పాలన పుట్టింది పేదల పోషణలోంచి. 1803లో పేదల చట్టం వచ్చింది, ప్రతి పారిష్‌కూ ఒక పేదల కమిషన్ ఏర్పడింది. 1814లో బడుల చట్టం, దానికో కమిషన్. రెండింటిలోనూ కీలక వ్యక్తి పాస్టరే. 1841 ఆగస్టు 13 నాటి రాజశాసనం వీటన్నిటికీ మీద పారిష్ సభను తెచ్చింది. నలుగురి నుంచి తొమ్మిది మంది దాకా ఎన్నికైన సభ్యులు, వారితోపాటు హోదా రీత్యా పాస్టరు, పారిష్‌లో పెద్ద ఎస్టేటు ఉంటే దాని యజమాని. ఓటు భూమి ఉన్నవాడికే. రాజు నిరంకుశుడిగా ఉండగానే, అంటే 1849 రాజ్యాంగం కంటే ఎనిమిదేళ్ళ ముందే, రైతులకు మినిట్స్ పుస్తకం చేతికొచ్చింది. డెన్మార్క్ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడేవారు రాజ్యాంగం దగ్గర మొదలుపెడతారు. నేను ఆ మినిట్స్ పుస్తకం దగ్గర మొదలుపెడతాను.

1867 చట్టంతో ఆ సభ 'సోగ్నెరోడ్' (పారిష్ కౌన్సిల్) అయింది, పాస్టరుగారి ఆటోమేటిక్ కుర్చీ పోయింది. అయితే ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. ఎక్కువ పన్ను కట్టే ఐదో వంతు ఓటర్లకు సభలో మెజారిటీ స్థానాలు కేటాయించారు. ఏడుగురి సభ అయితే నలుగురిని ఎన్నుకునేది ఆ ఐదో వంతే. మిగతా మూడు స్థానాలు తక్కినవారివి. ఎన్నికలు జరిగేవి, ఫలితం మాత్రం ముందే తేలిపోయేది.

పన్ను వేసే తీరు ఇంకా ఆసక్తికరం. ఒక భాగం భూమి మీద పడేది. విస్తీర్ణాన్ని బట్టి కాదు, ఆ నేల ఎంత ధాన్యం పండించగలదో అంచనా కట్టి, పీపాల లెక్కన. శిస్తు లెక్కలు తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు. రెండో భాగం 'ఆస్తీ స్తోమతా' అనే పద్దు కింద వచ్చేది. దానికి ఫారం లేదు, డిక్లరేషన్ లేదు. సభ్యులు బల్ల చుట్టూ కూర్చుని, ఫలానా నంబరు పొలం రైతుకు ఈ ఏడు ఎంత వేయవచ్చు అని తమలో తాము తేల్చేవారు. అతని పశువులు తెలుసు, పంట తెలుసు, కూతురి పెళ్ళి ఎలా చేశాడో తెలుసు. జాబితాను అందరూ చూసేలా పెట్టేవారు. పక్కింటివాడికి తన కంటే తక్కువ పడిందని కనపడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆదాయపు పన్ను సంస్కరణ 1903లో వచ్చాక దేశస్థాయి పద్ధతులు మెల్లగా దీన్ని మార్చాయి. ఇరుగుపొరుగు వేసే పన్నులో అన్యాయం జరిగే వీలు చాలా ఎక్కువే. కానీ పన్ను వేసినవాడి ఇల్లు ఎక్కడో అందరికీ తెలుసు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడమంటాను ట్రెయినీలను.

పేదల విషయంలో మాత్రం ఈ దగ్గరితనం క్రూరంగా పనిచేసింది. ఒక మనిషి ఒక పారిష్‌లో వరసగా కొన్నేళ్ళు నివసిస్తే, అతను నిరుపేద అయినప్పుడు పోషించే బాధ్యత ఆ పారిష్‌దే. అందుచేత గడువు దగ్గరపడుతుంటే అతన్ని ఎలాగోలా సాగనంపాలనే ఆలోచన సభల్లో సహజంగానే పుట్టేది. సాయం పుచ్చుకున్నవాడికి రాజ్యాంగం ప్రకారం ఓటు హక్కు పోయేది. 60 ఏళ్ళు దాటిన వృద్ధులకు ఆ శిక్ష లేకుండా సాయం అందే ఏర్పాటు 1891లో వచ్చింది. మిగతావారిలో చాలామందికి 1933 సాంఘిక సంస్కరణల దాకా ఆగవలసి వచ్చింది. చిన్న పంచాయతీ అంటే ఆప్యాయత అనుకునేవారు ఈ అధ్యాయం చదవాలి. చిన్న ఖజానాకు ఒక్క పెద్ద కుటుంబం పేదదైతే చాలు, బడ్జెట్ తలకిందులవుతుంది. ఖర్చు భయం మనుషుల్ని కఠినులను చేస్తుంది.

1908లో స్థానిక ఓటు పన్ను కట్టేవారందరిదీ అయింది. ఐదో వంతు వారి ప్రత్యేక హక్కు పోయింది; పాలేర్లకూ స్త్రీలకూ ఓటు వచ్చింది; భర్త పన్ను కడితే భార్యకూ వచ్చినట్టే. 1909 మార్చిలో మొదటి ఎన్నికలు. దేశం మొత్తంమీద 127 మంది మహిళలు గెలిచారు, సభ్యుల్లో నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. పార్లమెంటుకు ఓటు వేయడానికి మాత్రం వాళ్ళు 1915 దాకా ఆగారు.

తరవాతి యాభై ఏళ్ళను వేగంగా దాటేస్తాను. రోన్నె నుంచి ఓకిర్కెబీ మీదుగా నెక్సొకు 1900లో రైలు వచ్చింది, 1968లో పోయింది. ఊరూరా పాల సహకార సంఘాలు లేచాయి. చర్చి చుట్టూ దుకాణాలూ బడులూ చేరి చిన్న ఊళ్ళు మొలిచాయి. అంతలో పని పెద్దదైంది. 1958 బడుల చట్టం పట్టణపు బడి, పల్లె బడి అన్న తేడాను తీసేసింది. సబ్జెక్టుకో టీచరు, ప్రయోగశాల, వ్యాయామశాల కావాలి. కొన్ని వందల మంది పారిష్‌కు అది సాధ్యమా? అప్పటికి దేశంలో సుమారు 1,300 గ్రామీణ కమ్యూన్‌లు, 86 పట్టణాలు. 1970 ఏప్రిల్ 1న వాటిని 277కు కుదించారు, కాస్త తరవాత 275 అయ్యాయి. పట్టణం, పల్లె అనే చట్టపరమైన తేడా కూడా ఆ రోజుతో పోయింది. బోర్న్‌హోల్మ్‌లో ఆరు పట్టణాలు, 15 పారిష్‌లు కలిసి 21 ఉండేవి, ఐదు మిగిలాయి. రోన్నె, హాస్లె, అలింగె–గుద్యెమ్, నెక్సొ, ఓకిర్కెబీ. ఆరో పట్టణం స్వానెకె నెక్సొలో కలిసిపోయింది. ఓకిర్కెబీలోకి ఓకర్, వెస్టర్‌మారీ, నీలార్స్‌కర్, పీడర్స్‌కర్ వచ్చాయి. చర్చిలో ఎప్పటి నుంచో ఒకటిగా ఉన్న పట్టణమూ పారిషూ ఎట్టకేలకు పద్దులోనూ ఒకటయ్యాయి.

నా మటుకు నాకు ఈ 1970 విలీనం సబబైనదే. పట్టణం ఉన్నచోట దాని చుట్టూ పల్లెలు. బడికీ బ్యాంకుకూ జనం ఎలాగూ అక్కడికే వెళ్తారు. హద్దు మనుషుల నడకను అనుసరించింది.

అలాంటి కమ్యూన్ ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే మన వాళ్ళకు ఇక్కడే ఆశ్చర్యం ఎక్కువ. కౌన్సిల్‌లో సభ్యుల సంఖ్య బేసి. వార్డులు లేవు; కమ్యూన్ మొత్తం ఒకే నియోజకవర్గం, పార్టీలూ స్థానిక జాబితాలూ పోటీ చేస్తాయి. 1,000 ఓట్లు వచ్చిన జాబితా ఓట్లను 1, 2, 3తో భాగిస్తూ పోతారు: 1,000, 500, 333... 450 వచ్చిన జాబితాకు 450, 225... వీటన్నిటినీ పెద్దదాని నుంచి వరసగా పేర్చి సీట్లు పంచుతారు. చిన్న జాబితాలు ముందే పొత్తు ప్రకటించుకుంటే ఓట్లు వృథా కావు. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు. ఫలితం వచ్చిన రాత్రే బేరాలు మొదలవుతాయి. తెల్లవారేలోగా సంతకాలైన కాగితం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒకసారి ఎన్నికైతే మామూలుగా నాలుగేళ్ళూ అతనే. అవిశ్వాస తీర్మానాల సీజను అంటూ అక్కడ లేదు. కౌన్సిల్‌ను మధ్యలో రద్దు చేసి కొత్త ఎన్నికలు పెట్టడమూ లేదు. నాలుగేళ్ళు కలిసి బతకాలి, అంతే.

ఇంకో ముఖ్య విషయం. అక్కడ మేయరే కార్యాలయానికి రోజువారీ పెద్ద. జీతం తీసుకుని పూర్తికాలం పనిచేస్తాడు. పైనుంచి బదిలీ మీద వచ్చే కమిషనర్ ఉండడు. అధికారులను నియమించుకునేది కమ్యూనే. అయినా మేయర్ సర్వాధికారి కాడు, ఎందుకంటే బడులు, సాంఘిక సంక్షేమం, రోడ్లు వంటి వాటికి స్థాయీ సంఘాలు ఉంటాయి, తమ రంగంలో నిర్ణయాలు వాటివే. బడ్జెట్ ప్రతిపాదన సెప్టెంబరు 15లోగా కౌన్సిల్ ముందుకు రావాలి; రెండు పఠనాలు, మధ్యలో కనీసం మూడు వారాలు; అక్టోబరు 15లోగా ఆమోదం. ఆదాయపు పన్ను రేటు కూడా ఆ బల్ల మీదే నిర్ణయిస్తారు. మా దగ్గర ట్రెయినీలు ఈ మాట రెండుసార్లు చెప్పించుకుంటారు. అవును, ఆదాయపు పన్నే, ఇంటి పన్ను కాదు. మీ కౌన్సిలర్ అర శాతం పెంచితే వచ్చే ఏడాది జీతం కాగితంలో కనిపిస్తుంది. 1976లో అమలైన సహాయ చట్టం సాంఘిక సాయం, కుటుంబ సలహా వంటివన్నీ ఒకే కిటికీ దగ్గరకు తెచ్చింది, ఆ కిటికీ ఓకిర్కెబీలోనే ఉండేది.

ఇంతవరకు బాగుంది. చిక్కు పైఅంతస్తులో వచ్చింది. ఆసుపత్రి, ఇంటర్ స్థాయి విద్య, పెద్ద రోడ్లు చూసేందుకు దేశంలో 14 జిల్లా మండళ్ళు ఉండేవి, బోర్న్‌హోల్మ్‌కూ ఒకటి. అంటే 44,000 మంది ఉన్న దీవి మీద ఆరు పాలకవర్గాలు, ఆరు ఆర్థిక విభాగాలు, ఆరు కంప్యూటర్ వ్యవస్థలు. చేపల వేట దెబ్బతిని, యువకులు చదువుకని ఫెర్రీ ఎక్కి తిరిగి రాక జనాభా తగ్గుతోంది. 2001 మే 29న ఓటింగ్ పెట్టారు: ఐదు కమ్యూన్‌లనూ జిల్లా మండలినీ కలిపి ఒక్కటి చేయాలా? నూటికి 74 మంది దాకా చేయాలన్నారు. పైనుంచి ఉత్తర్వు రాలేదు, దీవివాళ్ళే తేల్చుకున్నారు. 2003 జనవరి 1న బోర్న్‌హోల్మ్ రీజియన్ కమ్యూన్ మొదలైంది. మొదటి మేయర్ థామస్ థోర్స్. దేశంలో కమ్యూన్‌ల సంఖ్య 275 నుంచి 271కి దిగింది. నాలుగేళ్ళకే దేశమంతా అదే బాట పట్టింది: 2007 జనవరి 1న 98 మిగిలాయి, జిల్లా మండళ్ళు పోయి ఐదు రీజియన్‌లు వచ్చాయి. ఆసుపత్రి బాధ్యత దీవి చేయి దాటి రాజధాని రీజియన్‌కు పోయింది. బస్సులు మాత్రం ఇప్పటికీ దీవి కమ్యూన్‌వే. పేరులో 'రీజియన్' అన్న మాట కూడా అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఖర్చు తగ్గిందా? 2007 విలీనాల లెక్కలను డెన్మార్క్ రాజనీతి శాస్త్రజ్ఞులు గట్టిగా పరిశీలించారు, ఎందుకంటే కొన్ని కమ్యూన్‌లు కలిశాయి, కొన్ని కలవలేదు, పోల్చి చూడటానికి వీలుంది. కార్యాలయ పాలనలో కొంత ఆదా తేలింది. కొన్ని రంగాల్లో ఖర్చు పెరిగింది. మొత్తంమీద చూస్తే స్పష్టమైన ఆదా అంటూ ఏమీ లేదు. కమ్యూన్‌లో అసలు ఖర్చు బల్లల దగ్గర ఉండదు. బడిలో టీచరు దగ్గర, వృద్ధుల ఇంట్లో సహాయకురాలి దగ్గర ఉంటుంది. కార్యాలయాలు కలిపినంత మాత్రాన క్లాసులో పిల్లలు కలిసిపోరు. అందుకు బడులు మూయాలి, అది వేరే పోరాటం. విలీనం ఖాయమని తెలిశాక పాత కమ్యూన్‌లు చివరి ఏడాదిలో వ్యాయామశాలలూ రోడ్లూ కట్టుకుని అప్పు ఉమ్మడి ఖాతాలోకి తోసేయడం కూడా డెన్మార్క్ లెక్కల్లో తేలింది. వేరు పడబోయే అన్నదమ్ములు ఉమ్మడి గాదెను ఖాళీ చేసినట్టు. కాకపోతే ఇక్కడ కలవబోతూ చేశారు.

లెక్కలకు అందిన నష్టం ఇంకొకటి ఉంది. పెద్ద కమ్యూన్‌లో చేరిన పౌరులకు, స్థానిక రాజకీయాలు తమకు అర్థమవుతాయి, తమ మాట చెల్లుతుంది అన్న నమ్మకం తగ్గింది. ఓకిర్కెబీలో దాన్ని చూడటం సులువు. కౌన్సిల్ సభ్యుడు ఒకప్పుడు సహకార దుకాణంలో వరసలో నిలబడినవాడు. ఇప్పుడు కౌన్సిల్ రోన్నెలో కూర్చుంటుంది. 15 కిలోమీటర్లంటే మనకు నవ్వొస్తుంది, మండల కేంద్రం కూడా అంత దూరం ఉంటుంది. కానీ దూరాన్ని కొలవవలసింది కిలోమీటర్లలో కాదు. మన దగ్గర 1986లో పంచాయతీ సమితులు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి, ఆఫీసు జనానికి దగ్గరవ్వాలన్నారు. దగ్గరైంది ఆఫీసు. డబ్బు మీద నిర్ణయం దగ్గరైందా లేదా అన్నది ట్రెయినీలనే చెప్పమంటాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నా అంచనా ఇది: 2003 విలీనం తప్పనిసరిగా చేయవలసిందే. ఒక చిన్న దీవి మీద ఆరు పాలకవర్గాలను సమర్థించే వాదన నాకు దొరకలేదు. కాని దాన్ని ఆదా పేరిట అమ్మకూడదు. ప్రత్యేక వైద్యురాలిని, మంచి ఇంజనీరును, పిల్లల సంరక్షణ కేసులు చూడగల అనుభవజ్ఞుడిని చిన్న కమ్యూన్ నియమించుకోలేదు, పెద్దది నియమించుకోగలదు. అదే లాభం. దానికి బదులుగా ఇచ్చుకున్నది దుకాణం వరసలో నిలబడే సభ్యుణ్ణి.

క్లాసు చివర్లో బోర్డు మీద దీవికి ఈశాన్యంగా ఒక చుక్క పెడతాను. క్రిస్టియాన్సో. పాత నావికా కోట, సుమారు వంద మంది నివాసులు. 21 కమ్యూన్‌ల కాలంలోనూ, ఐదున్నప్పుడూ, ఒక్కటయ్యాకా అది దేనిలోనూ కలవలేదు. రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఒక అడ్మినిస్ట్రేటర్ చూసుకుంటాడు. అక్కడివారు కమ్యూన్ పన్ను కట్టరు, కమ్యూన్ ఎన్నికల్లో ఓటూ వేయరు. పోయిన బ్యాచ్‌లో ఒక పంచాయతీ కార్యదర్శి లేచి అడిగాడు:

"సార్, మరి అక్కడ కుళాయి పాడైతే ఎవరికి చెప్పుకుంటారు?"

"అడ్మినిస్ట్రేటర్‌కే."

"ఆయన వినకపోతే?"

"ఉన్నది వంద మంది. సాయంత్రం రేవు దగ్గర ఎలాగూ ఎదురవుతాడు."

"అయితే సార్, పన్ను లేదు, ఓటు లేదు, రోజూ ఎదురవుతాడు," అన్నాడతను నోటుపుస్తకం మూస్తూ, "మా ఊరి పెద్దాయన లాగే."